జేబులో ఉండిపోయిన నాలుగు తూటాలు

మిషన్ గుడి బల్లలు ఏట్లో తేలిపోయిన వరద ఏడాది అది. కాగితాల మీద ఆ ఏడాదికి ఏ అంకె వేస్తారో నాకు తెలియదు. మిషన్ బడిలో నేను కూర్చున్నది మూడేళ్లే. యూకాన్ ఏటి ఒడ్డున మేం ఏళ్లను వరదలతోనే గుర్తు పెట్టుకుంటాం.

ఏటి మీద మంచు విరిగి, ఊరి దిగువ వంపులో అడ్డం పడింది. వెనక నీళ్లు లేచాయి. ఒక్క పూటలో ఊరు మునిగింది. దాచుకున్న ఎండు చేపంతా పోయింది. కుక్కలు ఆరు పోయాయి. ఎవరికి దొరికిన ఎత్తు నేల మీదికి వాళ్లు ఎక్కారు. మేం ఐదుగురం పాయ పక్క మిట్ట మీద గుడారం వేసుకున్నాం. నేను, నా భార్య మదలీన్, ఆమె అన్న పిట్కా, పిట్కా భార్య మార్ఫా, మదలీన్‌కూ పిట్కాకూ తల్లి అయిన మా అత్త.

నా తూటాలు రెండు రోజులు నీళ్లలో నానాయి. పెట్టెల అట్టలు ముద్దయిపోయాయి. చేతికి అందినవి ఏరి కాఫీ డబ్బాలో పోశాను. మూడు రకాలు కలిసిపోయాయి, కానీ చూస్తే తెలుస్తుంది. కారిబూ జింకలకు వాడేది తేలికైన తూటా. ముక్కు సూదిగా, కొసన సీసం కనబడుతూ ఉంటుంది. దూరం పోతుంది, సన్నని ఎముకలున్న జంతువును పడేస్తుంది. రెండోది సైన్యం తూటా, ముక్కు దాకా రాగి తొడుగు. అది ఎక్కడా విచ్చుకోదు, బెజ్జం చేసుకుంటూ అవతలికి పోతుంది. తగిలిన జంతువు తగిలిన సంగతి తెలియనట్టు పరుగెత్తి ఎక్కడో చస్తుంది. మూడోది బరువు తూటా. మొద్దు ముక్కు, బొటనవేలు కొస అంత గుండ్రం. నెమ్మదిగా పోతుంది, కానీ ఎముకను విరిచి లోపలికి దిగుతుంది. మూస్ దుప్పికి అదే కావాలి. ఇంకొకరికీ అదే కావాలి.

ఆ ఇంకొకరి పేరు మేం ఎత్తం. చలికాలమంతా నేలలో పడుకుని, మంచు కరిగాక ఆకలితో లేచే గోధుమరంగు జంతువు. మామూలుగా నాలుగు కాళ్ల మీద నడుస్తుంది, కోపమొస్తే రెండు కాళ్ల మీద నిలబడుతుంది. మేం పెద్దాయన అంటాం. ఆడవాళ్ల ముందు పేరు అసలే అనకూడదు. మనం అనుకునేది ఆయన వింటాడు. ఆయన కోసం వెళ్తున్నానని చెప్పడం తప్పు. వెళ్తున్నట్టు కనబడటమూ తప్పే. దొరికాక కూడా ఇంటికొచ్చి దొరికిందని చెప్పం. మాట్లాడకుండా కూర్చుంటాం, ఇంట్లో వాళ్లు అర్థం చేసుకుంటారు.

మిట్ట ఎక్కిన ఐదో రోజు పాయ ఒడ్డున నేను ఆయన అడుగులు చూశాను. నా చేతికి జానా నాలుగు వేళ్లు ఉంది ఆ వెనక పాదం. గుడారంలో రెండు దోసిళ్ల పిండి, టీ ఆకు మిగిలాయి. ఆయన దొరికితే ఐదుగురికి చేపలు వచ్చేదాకా తిండి.

తూటాలు ఆడవాళ్ల ముందే నింపుకోవాలి, గుడారం ఒక్కటే కదా. మూస్ వేట శరదృతువులో. వసంతంలో నేను బరువు తూటాలు తుపాకిలో పెడితే ఎవరి కోసమో అత్తకు చెప్పనక్కర్లేదు. ఆమె ఆ రోజు నన్ను గడప దాటనివ్వదు. అందుకని ఐదు తేలిక తూటాలు నింపాను. బరువువి నాలుగే ఉన్నాయి. వాటిని గుడ్డలో మూట కట్టి, అందరూ పొయ్యి వైపు చూస్తున్నప్పుడు లోపలి జేబులో వేసుకున్నాను. మిట్ట దిగాక మార్చుకోవచ్చు. మా నాన్నా అలాగే చేసేవాడు.

పిట్కా ఒక్కడు చూశాడు. చూసి నవ్వాడు.

"బాతులకా, బావా?"

"కారిబూ ఉంటే చూస్తా."

"చూడు చూడు. అవి నిన్ను చూసి నవ్వి చావకుండా చూసుకో. నవ్వి చచ్చినదాని మాంసం చేదుగా ఉంటుంది."

"నువ్వే రారాదూ?"

"నేనొస్తే ఇక్కడ మీ అక్క చేతి తిట్లు ఎవరు తింటారు? తిండి ఉన్నది అదొక్కటే."

మార్ఫా గరిటె విసిరింది. అతను పట్టుకుని, "చూశావా, వడ్డించింది" అన్నాడు. మార్ఫాను నేను అక్కా అంటాను, ఆమె నన్ను తమ్ముడూ అంటుంది.

మిట్ట దిగి, దారి వంపు తిరిగాక మార్చుకుందామనుకున్నాను. వంపులోనే ఆయన ఉన్నాడు.

ముప్ఫై అడుగుల దూరం. తల దించి వేళ్లు తవ్వుకుంటున్నాడు. గాలి నా ముఖం మీదికి వస్తోంది. బరువు తూటాలు జేబులో, జేబులో మూట, మూటకు ముడి. తుపాకిలో ఉన్నవి బయటికి తీయాలంటే తుపాకి గడియ ఐదుసార్లు లాగాలి, ఐదుసార్లు ఇనుము మోగుతుంది. నేను అలాగే నిలబడి ఆలోచించాను. ఇంత దగ్గర్లో తేలికది మాత్రం ఏం తక్కువ చేస్తుందిలే అనుకున్నాను.

అది తలకిందుల ఆలోచన. దగ్గర్లోనే ఆ తూటా మరీ పనికిరాదు. వేగం చల్లారకముందే పెద్ద ఎముకకు తగిలి పగిలిపోతుంది. నాకు తెలుసు. తెలిసినది ఆ క్షణంలో పనిచేయలేదు, ఆకలి పనిచేసింది.

భుజం మీద కొట్టాను. పడ్డాడు. నేను గడియ లాగేలోపు లేచి పొదల్లోకి పోయాడు. నేల మీద కొన్ని వెంట్రుకలు, కొంచెం నెత్తురు. ఎర్రటి నెత్తురు, నురగ లేదు. ఊపిరితిత్తి దాకా పోలేదన్న మాట. అడుగులు పట్టుకుని పాయ దాకా వెళ్లాను. అడుగులు నీళ్లలోకి దిగాయి. అక్కడ వరద నీళ్లు మనిషి మీద మనిషి లోతు. అవతల చాలాసేపు చూశాను. వాన మొదలైంది. వెనక్కి వచ్చేశాను.

గుడారంలో ఎవరూ ఏమీ అడగలేదు. ఉత్త చేతులతో వచ్చిన మనిషిని అడగరు. నేను తుపాకిలో మిగిలిన నాలుగు తూటాలూ కాఫీ డబ్బాలో వేసి, గొట్టం తుడుస్తూ కూర్చున్నాను. పిట్కా నా పక్కకు జరిగాడు.

"ఒక్కటే మోగింది" అన్నాడు, పొయ్యి వైపు చూస్తూ.

"ఊఁ."

"ఊఁ" అని అతనూ ఊరుకున్నాడు.

బయటికి రమ్మని అతనికి చెప్పాల్సింది. వాన పడుతోంది. అత్త మా ఇద్దరికీ మధ్య కూర్చుని బూటు కుట్టుకుంటోంది. ఇద్దరు మగవాళ్లం ఆ వానలో బయటికి వెళ్తే ఆడవాళ్లకు తెలిసిపోతుంది. పొద్దున చెబుదాంలే అనుకున్నాను. ఆయన నీళ్లకు అవతల ఉన్నాడు కదా అనుకున్నాను.

దిగువ వంపులో అడ్డం పడిన మంచు ఆ సాయంత్రమే తెగింది. నీళ్లు తగ్గిపోవడం మొదలైంది. పాయ నడిచి దాటేటంత తగ్గుతుందని నేను చూసుకోలేదు.

పొద్దున పిట్కా లేచి, బూట్లు తొడుక్కుని, నీళ్లు తోడే డబ్బా తీసుకున్నాడు.

"ఏరు తగ్గింది. పడవ బురదలో కూర్చుంటే మనం ఎత్తలేం. తోసి వస్తా."

నేను కంబళిలోంచి లేచి కూర్చున్నాను. మార్ఫా అతనికి టీ పోస్తోంది. మదలీన్ పక్కనే ఉంది.

"తుపాకి తీసుకెళ్లు బావా" అన్నాను.

"ఎందుకు, పడవను కాల్చడానికా?"

మదలీన్ నవ్వింది. అతను నా ముఖంలోకి చూశాడు. నేను ఇంకొక్క మాట అని ఉంటే సరిపోయేది. పేరు అనక్కర్లేదు, పెద్దాయన అన్నా చాలు. మార్ఫా చేతిలో టీ గిన్నె ఉంది. ఆ గిన్నెనే చూస్తూ ఉండిపోయాను. అతను వెళ్లిపోయాడు.

టీ చల్లారకముందే కింద డబ్బా మోగింది. ఒకసారి గట్టిగా, తర్వాత ఒకసారి మెల్లగా. తర్వాత లేదు.

నేను ఖాళీ తుపాకినే పట్టుకుని వట్టి కాళ్లతో పరుగెత్తాను. దారిలో సగం దూరాన పిట్కా బోర్లా పడి ఉన్నాడు. ఆయన అతని మీద ఉన్నాడు. నేను అరిచాను. ఆయన తల ఎత్తి, నన్ను చూసి, ఎడమ ముందుకాలు నేల మీద పెట్టకుండా పొదల్లోకి పోయాడు. ఆ కుంటు నిన్న నా తూటా పెట్టింది.

మదలీన్, నేను కలిసి పిట్కాను మిట్ట పైకి ఈడ్చాం. కుడి కాలు మోకాలి కింద ఎముక దాకా తెరుచుకుంది. నెత్తురు ఆగడం లేదు. అత్త తన నడుముకున్న దుప్పి తోలు పట్టీ లాగి, తొడకు చుట్టి, కర్ర పెట్టి మెలేసింది. నెత్తురు తగ్గింది.

"ఇది ఎక్కువసేపు ఉంచకూడదు" అంది అత్త. "ఉంచితే కాలు పోతుంది. విప్పితే మనిషి పోతాడు. నర్సు దగ్గరికి చేర్చు."

నర్సు ఉన్న ఊరు ఏటి దిగువకు గంట ప్రయాణం. పడవ దారి చివర ఉంది. ఆ దారి తప్ప ఇంకో దారి లేదు. ఒక పక్క నడుము లోతు బురద, ఒక పక్క పొదలు. ఆ పొదల్లో ఆయన. ఒక మనిషిని మోస్తూ ఇద్దరం ఆ దారిన వెళ్తే ముగ్గురం పోతాం. ముందు నేను లోపలికి వెళ్లాలి.

కాఫీ డబ్బా బోర్లించాను. జేబులోంచి మూట తీసి ముడి విప్పాను. అత్త ఆ మూట చూసింది. నిన్నటి నుంచి అది నా జేబులో ఉందని, ఎందుకు ఉందో, ఎందుకు వాడలేదో, అన్నీ ఆ ఒక్క చూపులో తెలుసుకుంది. ముఖం తిప్పుకుంది.

బరువువి నాలుగు. తేలికవి నాలుగు. సైన్యంవి రెండు. తేలికవి పక్కకు తోసేశాను. బరువువి ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల మందు పొడిగా ఉంటే ఇసుకలా కదులుతుంది, తడిస్తే ముద్దయి పలకదు. రెండు పలికాయి. ఒకటి సగం పలికింది. ఒకటి మూగది, మెడ దగ్గర ఇత్తడి పచ్చబడింది. దాన్ని వదిలేశాను. పలికిన రెండింటిలో ఒకదాని అడుగున, తుపాకి సూది కొట్టే చోట ఉండే కేపు కొత్త బొత్తాంలా మెరుస్తోంది. అది మొదటిది అనుకున్నాను.

"ఏం ఏరుతున్నావ్ తమ్ముడూ!" మార్ఫా ఏడుస్తూ అరిచింది. "ఏదో ఒకటి వేసుకుని వెళ్లు! మనిషి పోతున్నాడు!"

ఏదో ఒకటి వేసే ఇంతదాకా తెచ్చాను. ఆ మాట నోటిదాకా వచ్చింది.

పిట్కా కళ్లు తెరిచాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"ఏరనివ్వవే. పెళ్లిచూపులకు వచ్చాడు. కట్నం నా కాలు."

"మాట్లాడకు" అంది అత్త.

"నువ్వు మాట్లాడకు అంటావ్, వీడు మాట్లాడడు. ఇక మాట్లాడేది నేనొక్కణ్ణే కదమ్మా."

తుపాకిలో ముందు తోసింది చివర పేలుతుంది. ముందు సైన్యం తూటా ఒకటి తోశాను. ఆయన వెనక్కి తిరిగి పోతుంటే వెనక నుంచి గుండె దాకా పోయేది అదొక్కటే. దాని మీద సగం పలికినది, దాని మీద పలికినది. మెరిసే కేపుది గొట్టంలో పెట్టి గడియ మూశాను. తోస్తున్నప్పుడు ఒకటి కింద పడింది. మదలీన్ తీసి, తన లంగాకు తుడిచి ఇచ్చింది. నా కళ్లలోకి చూడలేదు.

పొదల్లోకి వెళ్లాను. నీళ్లు తగ్గిపోతూ ఇంటి గుమ్మమంత మంచు దిమ్మలను చెట్ల మధ్య వదిలేశాయి. అన్నీ కారుతున్నాయి. ప్రతి దిమ్మ వెనకా ఒక జంతువు దాక్కునేంత చోటు. చుక్కల చప్పుడులో ఆయన ఊపిరి వినబడదు. అడుగు వేయడం, ఆగడం, వాసన చూడటం. కుక్క తడిసినట్టు వాసన వస్తోంది. ఎటు నుంచో తెలియదు. వెనక మిట్ట మీద మార్ఫా ఏడుపు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూడటానికి వెనక్కి తిరగలేను.

"తాతా" అన్నాను మెల్లగా. మా పెద్దవాళ్లు ఆయనతో అలాగే మాట్లాడేవాళ్లు. "తప్పు నాది. అతనిది కాదు. నా దగ్గరికి రా."

వచ్చాడు. నేను చూస్తున్న దిమ్మ వెనక నుంచి కాదు, దాని పక్కదాని వెనక నుంచి. చప్పుడే లేదు. ఆరడుగులో ఏడడుగులో ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కాను.

టక్‌మంది. అంతే. మెరిసే కేపుది పేలలేదు.

గడియ ఎలా లాగానో గుర్తు లేదు. రెండోది పేలింది. మొద్దు ముక్కు తూటా ఆయన మెడకూ ఛాతీకీ మధ్య దిగింది, లోపల ఎముక విరగడం నేను విన్నాను. మీదికి వస్తున్నవాడు పక్కకు ఒరిగి దిమ్మకు కొట్టుకున్నాడు. మళ్లీ లేవబోయాడు. సగం పలికిన మూడోది చెవి వెనక పెట్టాను. అదీ పేలింది. సైన్యం తూటాతో పని పడలేదు.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చనిపోయాక ఆ కళ్లను కత్తితో గీయాలి, మన తప్పులు ఇంక చూడకుండా. గోళ్ల పాదాలు కోసి పక్కన పెట్టాలి. అలా వదిలేసి పోకూడదు. నేను వదిలేసి పరుగెత్తాను.

పడవ బురదలో కూర్చుని ఉంది. పిట్కా చెప్పినట్టే. నీళ్లకు ఇరవై అడుగులు. నేను, మదలీన్, మార్ఫా కర్రలు కింద పెట్టి తోశాం. కదల్లేదు. మార్ఫా తన చొక్కా తడిపి కర్రల మీద బురద పూసింది, జారడానికి. అత్త, ఆ వయసులో, మోకాళ్ల మీద కూర్చుని భుజంతో తోసింది. అరచేయంత కదిలింది. ఇంకో అరచేయంత. పట్టీ కట్టి ఎంతసేపయిందో అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. పడవ నీళ్లు తాకేసరికి సూర్యుడు చెట్ల పైకి వచ్చేశాడు.

మనిషిని పడుకోబెడితే పడవలో ముగ్గురికే చోటు. పిట్కాను అడుగున పడుకోబెట్టాం. మార్ఫా ముందు నిలబడి కర్రతో మంచు పలకలను తోసేస్తోంది. నేను మోటారు దగ్గర. పిట్కా తల నా మోకాలికి ఆనుకుని ఉంది. మదలీన్, అత్త ఒడ్డున ఉండిపోయారు.

"బావా" అన్నాడు. మోటారు మోతలో వంగి వినాల్సి వచ్చింది. "నిన్న మోగింది తేలికది. చప్పుడు బట్టి తెలిసింది."

నేను ఒక మంచు పలకను తప్పించి పడవను మళ్లించాను.

"మాంసం తేలేదు. రెండోది మోగలేదు. నాకు అప్పుడే తెలిసింది. అడిగి ఉండాల్సింది."

"చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"పొద్దున కూడా తెలుసు. తుపాకి అన్నావు కదా. దెబ్బ తిని దూరం పోయి ఉంటాడనుకున్నా." నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "ఇద్దరం వెధవలమే. మార్ఫాకు చెప్పకు. ఆ కర్ర చూశావా ఎలా తిప్పుతోందో? మంచు అయిపోతే నీ తల మీద పడుతుంది."

"ఊఁ."

"చెప్పకు. నాకు ఒట్టేసి చెప్పు."

నేను మోటారు వేగం పెంచాను. అతను కళ్లు మూసుకున్నాడు. ఊరు కనబడేదాకా అతని ముక్కు దగ్గర నా చేయి పెట్టి ఉంచాను. ఊపిరి తగులుతోంది, తగలడం లేదు, మళ్లీ తగులుతోంది.

నర్సు పట్టీ చూసి, చేతులు కడుక్కుని, తలుపు వేసుకుంది. చాలాసేపటికి బయటికి వచ్చింది.

"మనిషి ఉంటాడు" అంది. "కాలు ఉండదు. రేపు మధ్యాహ్నం విమానం వస్తుంది. పెద్దాసుపత్రిలో తీసేస్తారు."

పిట్కా చలికాలం గడ్డకట్టిన ఆ ఏటి మీద కుక్కబండి నడిపే వాళ్లలో అందరికన్నా ముందుండేవాడు. బండి వెనక పరుగెత్తే మనిషి. మార్ఫా నర్సు మెట్ల మీద కూర్చుండిపోయింది. నా చేయి పట్టుకుని, "నువ్వు లేకపోతే ఏమయ్యేవాళ్లం తమ్ముడూ" అంది. ఆ చేయి వెనక్కి తీసుకోలేకపోయాను. ఉంచలేకపోయాను. ఆ రాత్రి అంతా ఆ మాటే చెవిలో ఉంది.

మర్నాడు సూర్యుడు కొండ మీదికి రాగానే ఒక్కణ్ణే పడవ ఎక్కి మిట్టకు వెళ్లాను. ఆయన అక్కడే ఉన్నాడు. దిమ్మ సగం కరిగింది. కళ్లు గీశాను. పాదాలు కోసి పెట్టాను. వదిలేసి పోయినందుకు తప్పయిందని చెప్పాను. తర్వాత ఎడమ భుజం కోసి చేయి లోపలికి పెట్టి వెతికాను. రెక్క ఎముక మీదే దొరికింది. తేలిక తూటా చితికి, చేప పొలుసంత పలచనయి, ఎముకకు అంటుకుని ఉంది. బొటనవేలంత లోతు కూడా దిగలేదు. బరువువి కట్టిన గుడ్డలోనే దాన్ని చుట్టాను. మాంసం సంగతి అత్తకూ మదలీన్‌కూ వదిలి, విమానం రాకముందే నర్సు ఊరికి వచ్చాను.

మార్ఫా ఇంకా మెట్ల మీదే ఉంది. ఆమె అరచేయి తెరిచి, గుడ్డ విప్పి, ఆ చితికిన తూటా పెట్టాను.

"అక్కా, మొన్న నేను ఎలుగుబంటిని కాల్చాను" అన్నాను. "దీంతో. చావలేదు. ఎవరికీ చెప్పలేదు."